"చేరేటప్పటికే ఉంది" అని టిక్కు పెట్టమంటున్నారు. ఏం చెయ్యాలి?

నైట్‌డ్యూటీ_నోట్స్ | సోమవారం, రాత్రి 11:42

11 ఏళ్లుగా నర్సుని. రెండేళ్ల నుంచి మా వార్డు క్వాలిటీ పని కూడా నా నెత్తినే ఉంది. ఆడిట్ షీట్లు నింపడం, నెలాఖరుకి అంకెలు పంపడం, మీటింగులో అందరి బదులూ మాట పడటం. ఇంతే దాని వైభోగం.

ఐదు నెలల కింద ఒక చిన్న పని మొదలుపెట్టాం. చేరిన ప్రతి పేషెంట్‌నీ మొదటి ఆరు గంటల్లో ఒకసారి పక్కకి తిప్పి, నడుము కింద, తుంటి దగ్గర, మడమల వెనక బెడ్‌సోర్లు, అంటే కదలకుండా పడుకుంటే ఒత్తిడికి పడే పుండ్లు, ఉన్నాయేమో చూసి రాయాలి. తర్వాత వారానికోసారి అందరినీ చూడాలి. అంతకుముందు ఎవరూ పనిగట్టుకుని చూసేవాళ్లు కాదు. పేషెంట్ మంట అంటేనో, దుప్పటికి తడి అంటితేనో తెలిసేది. అప్పట్లో నెలకి ఒకటో రెండో బెడ్‌సోర్లు ఉన్నట్టు పంపేవాళ్లం. పోయిన నెల తొమ్మిది పంపాల్సి వచ్చింది.

ఆ తొమ్మిదిలో రెండు బయటినుంచే వచ్చాయి, చేరిన రోజే చూసి రాశాం. మూడు మా దగ్గరే పుట్టాయి, చేరినప్పుడు చర్మం బాగుందని మా చేత్తోనే రాసుకున్నాం. మిగిలిన నలుగురినీ మొదటిరోజు ఎవరూ చూడలేదు. రద్దీ, సెలవులు, మామూలు కారణాలే. ఫారంలో రెండే గడులు: "చేరేటప్పటికే ఉంది", "ఇక్కడ వచ్చింది". ఆ నలుగురికీ మొదటి గడిలో టిక్కు పెట్టమని మీటింగులో చెప్పారు. గద్దించి కాదు, నవ్వుతూనే. "లేదని నువ్వు నిరూపించగలవా?" అన్నారు.

నలుగురిలో ఒక పెద్దాయన. ఇంట్లో పడి తుంటి ఎముక విరిగి వచ్చారు. నాలుగో రోజు పొద్దున ఒళ్లు తుడుస్తుంటే కనపడింది. చార్టు తీశాను. రెండు గంటలకోసారి పొజిషన్ మార్చినట్టు రాత్రంతా నింపి ఉంది. ఒకే పెన్ను, ఒకే వాలు, ఎక్కడా తొట్రుపాటు లేదు. తెల్లారి ఆరింటికి కూర్చుని ఒక్క ఊపున రాసిందని చూడగానే తెలిసిపోయింది. నేనూ అలా రాసిన రాత్రులున్నాయి కాబట్టి తెలిసింది.

టిక్కు పెడితే అబద్ధం. పెట్టకపోతే ఇరుక్కునేది మా వార్డు నర్సు పిల్లలే, అదీ నేను మొదలుపెట్టిన పని వల్ల. చూడకుండా ఉన్నంతకాలం మా వార్డు "మంచి వార్డు". ఏం చెయ్యాలో తోచట్లేదు.

---

పాత_స్టెతస్కోప్ | మంగళవారం, ఉదయం 7:05

పెట్టకండి. ఎందుకో సాయంత్రం రాస్తాను, ఇప్పుడు రౌండ్స్ ఉన్నాయి.

---

లెక్కల_పిచ్చి | మంగళవారం, ఉదయం 9:30

సిస్టర్, ముందు ఒక సంగతి. ఒకటి రెండు నుంచి తొమ్మిదికి పెరిగింది బెడ్‌సోర్లని మీవాళ్లు అనుకుంటున్నారు. కచ్చితంగా పెరిగింది చూడటం. బెడ్‌సోర్లు పెరిగాయో తగ్గాయో ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి ఎవరూ చెప్పలేరు. పాతది అసలు కొలతే కాదు, వదంతి.

నా సలహా మూడు ముక్కల్లో. గ్రాఫు మీద మీరు చూడటం మొదలుపెట్టిన తేదీ దగ్గర నిలువు గీత గీయండి. ఆ గీతకి ఎడమ పక్కన ఉన్నదానితో కుడి పక్కన ఉన్నదాన్ని పోల్చనివ్వకండి. ఇంకా ముఖ్యం, బెడ్‌సోర్ల సంఖ్య కింద ఇంకో వరుస పెట్టండి: చేరినవాళ్లలో ఎంతమందికి ఆరు గంటల్లో చర్మం చూశారు అని. ఆ రెండో వరుస లేకుండా మొదటిది పంపితే, తక్కువ చూసిన వార్డుకే బహుమతి వస్తుంది.

చార్లెస్ గుడ్‌హార్ట్ అని బ్రిటన్ ఆర్థికవేత్త ఒకాయన 1975లో ద్రవ్య విధానం గురించి చెప్పిన మాట ఉంది. దాన్నే తర్వాత అందరూ ఇలా చెప్పుకుంటున్నారు: కొలతని లక్ష్యంగా మార్చిన రోజున అది కొలతగా పనికిరాదు. ఆస్పత్రులు చూసి చెప్పలేదాయన. చూసుంటే ఇంకా ముందే చెప్పేవాడు.

---

ఫైళ్ల_గది | మంగళవారం, మధ్యాహ్నం 1:15

ఇక్కడ నన్ను తిడతారని తెలిసే రాస్తున్నాను. నేను ఆ మీటింగుల్లో బల్లకి అవతలి పక్కన, అంకెలు అడిగే వైపు కూర్చునే మనిషిని. మీ ఆస్పత్రి కాదు, కానీ ఉద్యోగం అదే.

"లేదని నిరూపించగలవా" అన్న మాట అంత చెత్త ప్రశ్నేం కాదు. ఆ పెద్దాయన ఇంట్లో ఎప్పుడు పడ్డారు? పడ్డాక ఎంతసేపు నేల మీద ఉన్నారు? లోపలి కండ మీద ఒత్తిడి పడ్డప్పుడు పైచర్మం వెంటనే చెప్పదు. రెండు మూడు రోజుల తర్వాత ఊదారంగు మచ్చగా బయటపడి, ఆ తర్వాత తెరుచుకుంటుంది. నాలుగో రోజు కనపడిందంటే అది మీ వార్డులో పుట్టిందని ఎలా అంటారు?

ఇంకోటి. ఈ అంకెలు సరదాకి అడగరు. అమెరికాలో మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా 2008 అక్టోబర్ నుంచి ఆస్పత్రిలో వచ్చిన మూడు, నాలుగు దశల (లోతుగా దిగిన) బెడ్‌సోర్లకి అదనపు డబ్బు ఇవ్వడం మానేసింది. డబ్బుకి ముడిపెట్టాక టిక్కు ఎక్కడ పడిందన్నది ఖాతాల సంగతి అయిపోతుంది. ఆ డబ్బు పోతే ముందు కోసేది కొత్త పరుపుల బడ్జెట్‌నే. అబద్ధం చెప్పమని నేననను. నిజం చెప్పినవాడికే జరిమానా పడే ఏర్పాటులో నిజం ఎంతకాలం నిలబడుతుందని అడుగుతున్నాను.

---

బెడ్_పక్క_కుర్చీ | మంగళవారం, సాయంత్రం 4:50

నేను డాక్టర్నీ కాదు, నర్సునీ కాదు. మా నాన్నకి పక్షవాతం వచ్చి 19 రోజులు ఆస్పత్రిలో ఉంటే బెడ్ పక్కన కుర్చీలో కూర్చున్నవాణ్ణి.

డిశ్చార్జ్ అయి ఇంటికి తెచ్చాక బట్టలు మార్చబోతే వాసన వచ్చింది. తిప్పి చూస్తే వెన్ను చివర అరచేయంత పుండు. కాగితాల్లో ఎక్కడా లేదు. ఫోన్ చేస్తే "ఇంటికెళ్లాక వచ్చి ఉంటుంది" అన్నారు. ఇంటికొచ్చి అప్పటికి మూడు గంటలు.

మీరంతా ఏ గడిలో టిక్కు పెట్టాలి, గ్రాఫు మీద గీత ఎక్కడ గీయాలి అని మాట్లాడుకుంటున్నారు. పైనుంచి కిందిదాకా చదివాను. ఆ పెద్దాయనకి గానీ ఆయన పిల్లలకి గానీ ఎవరైనా చెప్పారా అని ఒక్కరూ అడగలేదు.

---

నైట్‌డ్యూటీ_నోట్స్ | మంగళవారం, సాయంత్రం 5:20

చెప్పలేదండి. పుండుకి డ్రెస్సింగ్ చేస్తున్నప్పుడు ఆయన కూతురు వచ్చింది. "కొంచెం ఒరుసుకుంది" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

ఫైళ్ల_గది గారూ, మీరు అడిగినదానికి జవాబు: రాత్రి బాత్రూం దగ్గర పడ్డారట, తెల్లారేదాకా లేవలేకపోయారట. ఐదారు గంటలు నేల మీదే. కాబట్టి మీరన్నది నిజం కావచ్చు. చార్టు తప్పుడుదన్నదీ నిజమే. రెండూ నిజమైతే ఏ గడి?

---

పాత_స్టెతస్కోప్ | మంగళవారం, రాత్రి 9:10

పొద్దున బాకీ పడ్డ జవాబు.

ఇలాంటి చర్చల్లో అందరూ వియన్నా, 1847, డాక్టర్లని చేతులు కడుక్కోమన్న సెమ్మెల్‌వైస్ కథ చెప్తారు. నాకు అంతకంటే ఎర్నెస్ట్ కాడ్‌మన్ కథ ఇష్టం. బోస్టన్‌లో సర్జన్. ఆయన అడిగింది చాలా మామూలు సంగతి: ఆపరేషన్ చేసిన ప్రతి మనిషినీ ఏడాది తర్వాత వెతికి పట్టుకుని, బాగుపడ్డాడా లేదా చూసి, లేకపోతే ఎందుకు లేదో కార్డు మీద రాసిపెడదాం. ఎవరూ ఒప్పుకోలేదు. 1911లో సొంతంగా చిన్న ఆస్పత్రి పెట్టుకుని ఆ పనే చేశాడు. 1911 నుంచి 1916 దాకా 337 మంది పేషెంట్లు, 123 తప్పులు. ఆ లెక్క అచ్చు వేయించి బయటపెట్టాడు. తెలియక జరిగినది, నిర్ణయం తప్పి జరిగినది, సామాను లేక జరిగినది అని విడదీసి మరీ రాశాడు.

మధ్యలో 1915 జనవరిలో డాక్టర్ల సభలో ఒక పెద్ద కార్టూన్ విప్పాడు. ఇసుకలో తలదూర్చిన నిప్పుకోడి బంగారు గుడ్లు పెడుతుంటే డాక్టర్లు ఏరుకుంటున్నట్టు బొమ్మ. సభ అధ్యక్ష పదవి పోయింది, స్నేహాలు పోయాయి, రాబడి పోయింది. 1940లో పోయాడు. సమాధికి పేరున్న రాయి పడింది 2014లో.

సిస్టర్, ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పట్లేదు. ఆయన 123 అని రాసినప్పుడు పక్క ఆస్పత్రులు ఎన్ని రాశాయి? ఏమీ రాయలేదు. కాగితం చూసినవాడికి కాడ్‌మన్ దగ్గర 123 తప్పులు, మిగతావాళ్ల దగ్గర సున్నా. మీ తొమ్మిదీ అలాంటిదే.

నా సంగతీ చెప్తాను. చాలా ఏళ్ల కింద మందు మోతాదులో ఒక సున్నా ఎక్కువ రాశాను. రాత్రి నర్సు గమనించి ఆపింది. మర్నాడు నేను ఆమెకి థాంక్స్ చెప్పలేదు. ఆమె సరిదిద్దిన కాగితం చించి కొత్తది రాశాను. పేషెంట్‌కి ఏం కాలేదు. ఆ చించిన కాగితం ఇప్పటికీ గుర్తొస్తుంది, బతికినవాళ్లు అంతగా గుర్తురారు.

---

జూనియర్_36గంటలు | మంగళవారం, రాత్రి 11:55

డాక్టర్ గారూ, కథ బాగుంది. కానీ అసలు సంగతి పక్కకి పోతోంది. చార్టు తప్పుడు రాసిన నర్సు సంగతేంటి? ఎవరినీ తప్పుపట్టకూడదు, వ్యవస్థదే లోపం అని క్లాసుల్లో చెప్తారు. అంటే దొంగరాతకి కూడా లైసెన్సా? నేను ఈసీజీ చూడకుండా చూశానని రాస్తే నన్ను అలా వదిలేస్తారా?

---

లెక్కల_పిచ్చి | బుధవారం, ఉదయం 8:20

తమ్ముడూ, కోప్పడే ముందు ఒక గుణకారం చేద్దాం. సిస్టర్, మీ వార్డులో రాత్రి ఎంతమంది నర్సులు, సొంతంగా పక్కకి తిరగలేని పేషెంట్లు ఎంతమంది?

---

నైట్‌డ్యూటీ_నోట్స్ | బుధవారం, ఉదయం 8:41

ఇద్దరం. మొత్తం 34 మంది, తిరగలేనివాళ్లు ఆ రాత్రి 14 మంది.

---

లెక్కల_పిచ్చి | బుధవారం, ఉదయం 9:02

సరే. ఎనిమిది గంటల షిఫ్ట్, రెండు గంటలకోసారి అంటే మనిషికి నాలుగుసార్లు. 14 మందికి 56 సార్లు. ఒక్కోసారి ఐదు నిమిషాలు వేసుకుందాం, దిండ్లు సర్ది, తడి చూసి, గొట్టాలు నలక్కుండా సరిచేసి. మొత్తం 280 నిమిషాలు. బరువైన మనిషిని ఒక్కరు తిప్పలేరు కాబట్టి ఇద్దరూ కలిసే. 480లో 280 పోతే మిగిలేది 200. అందులో 34 మందికి మందులు, బీపీలు, డ్రిప్పులు, కొత్త అడ్మిషన్లు, ఎవరికో ఆయాసం, హ్యాండోవర్. ఐదు నిమిషాలు అన్నది కూడా నేను దయతలచి వేసిన అంకె.

రెండు గంటలకోసారి అని రూలు పెట్టినవాళ్లు ఈ లెక్క వేశారా? వేసుంటే, జరగదని తెలిసే జరిగినట్టు రాయమని అడిగినట్టు. ఆ చార్టులో మొదటి అబద్ధం రాసింది నర్సు కాదు, దాని నమూనా అచ్చు వేసినవాళ్లు.

అవేడిస్ డొనబీడియన్ అని ఈ రంగానికి పునాది వేసినాయన 1966లో నాణ్యతని మూడు చోట్ల వెతకమన్నాడు. ఏర్పాట్లు, జరిగే పని, ఫలితం. ఇక్కడ పుండు ఫలితం, తిప్పడం పని, ఇద్దరు నర్సులు ఏర్పాటు. మీటింగులో మూడోదాన్ని మాత్రమే బల్ల మీద పెట్టి, మొదటిది అడక్కుండా ఉంటే అది నాణ్యత పని కాదు, అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకోవడం.

---

జూనియర్_36గంటలు | బుధవారం, మధ్యాహ్నం 2:30

లెక్క ఒప్పుకున్నాను అన్నా. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. తిప్పలేకపోవడం వేరు, తిప్పానని రాయడం వేరు. "12 గంటలకి కుదరలేదు" అని ఖాళీ వదిలి ఉంటే?

---

నైట్‌డ్యూటీ_నోట్స్ | బుధవారం, మధ్యాహ్నం 3:10

ఖాళీ వదిలితే మెమో వస్తుంది బాబూ. నింపితే రాదు. మొదటి ఏడాదిలోనే అందరం నేర్చుకునే పాఠం అది.

కానీ నువ్వడిగింది సరైనదే. రాత్రంతా ఆలోచించాను. ఆ చార్టు రాసిన పిల్ల దగ్గరికెళ్లి అడిగాను, ఒంటరిగా. ముందు లేదంది, తర్వాత ఏడ్చింది. ఆ రాత్రి పక్క బెడ్‌లో ఒకావిడకి ఊపిరి ఆడక ఇద్దరూ రెండు గంటలు అక్కడే ఉన్నారట. ఆవిడ బతికింది. ఆ సంగతి ఏ షీటులోనూ లేదు, అలాంటిదానికి గడే లేదు.

తప్పు చేసినవాళ్లు కూడా లోపల దెబ్బతింటారని, వాళ్లని రెండో బాధితులు అనాలని ఆల్బర్ట్ వూ అనే డాక్టర్ 2000లో రాశాడు. నాకు ఆ మాట పూర్తిగా నచ్చదు, బాధితుడు అంటే పేషెంటే. అయినా ఆ పిల్ల ముఖం చూశాక కొంచెం అర్థమైంది.

ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లోనే అన్నది, పేషెంట్‌కి బెడ్‌సోర్ వస్తే మామూలుగా తప్పు జబ్బుది కాదు, నర్సింగ్‌దని. ట్రైనింగ్‌లో ఈ వాక్యం మా మెడకి కట్టి పంపిస్తారు. ఆవిడ దృష్టిలో నర్సింగ్ అంటే గాలి, వెలుతురు, శుభ్రత, ఎవరు లేనప్పుడు ఎవరు చూస్తారనే ఏర్పాటు, అన్నీ కలిపి అని మాత్రం ఎవరూ చెప్పరు.

---

ఫైళ్ల_గది | బుధవారం, సాయంత్రం 6:00

మెమో గురించి నాకు కడుపులో తిప్పినట్టయింది. ఖాళీ గడికి మెమో ఇచ్చే పద్ధతి మా దగ్గరా ఉంది. నేనే పెట్టించాను, "క్రమశిక్షణ" అని.

---

మంచుకోటు | బుధవారం, రాత్రి 10:35

నేను ఇంగ్లండ్‌లో నర్సుగా చేస్తున్నాను. ఇక్కడ స్టాఫర్డ్ ఆస్పత్రి పేరెత్తితే ఇప్పటికీ గదిలో మాటలు తగ్గుతాయి. 2005 నుంచి 2009 మధ్య అక్కడ పేషెంట్లు తడిసిన పక్కల్లో గంటలకొద్దీ పడున్నారు, మంచినీళ్లు అందలేదు. విచిత్రం ఏంటంటే అదే కాలంలో ఆ ఆస్పత్రి నడిపే ట్రస్టు ఖర్చులు తగ్గించుకుంటూ, లక్ష్యాలు అందుకుంటూ, బాగా నడిచేవాటికి ఇచ్చే ఫౌండేషన్ ట్రస్టు హోదా కూడా తెచ్చుకుంది. ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లని నాలుగు గంటల్లో చూసి, చేర్చుకోవడమో పంపడమో చెయ్యాలని లక్ష్యం ఉండేది. దాన్ని దాటకుండా చూపించడానికి సమయాలు మార్చి రాశారని అక్కడి నర్సే బయటపెట్టింది.

దీనిమీద రాబర్ట్ ఫ్రాన్సిస్ అనే లాయర్ చేసిన విచారణ నివేదిక 2013 ఫిబ్రవరిలో వచ్చింది, 290 సిఫార్సులు. వాటిలో ఒకటి చట్టమైంది: పేషెంట్‌కి చెప్పుకోదగ్గ హాని జరిగితే ఆస్పత్రి తనంతట తానే చెప్పాలి, క్షమాపణ అడగాలి, రాతలో కూడా ఇవ్వాలి. 2014 నవంబర్ నుంచి అమల్లో ఉంది. క్షమాపణ చెప్పినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదని కూడా ఇక్కడ చట్టం చెప్తుంది.

బెడ్_పక్క_కుర్చీ గారూ, చట్టం వచ్చాక అంతా మారిపోయిందని అనను. చాలాసార్లు ఆ ఉత్తరం లాయర్ భాషలో వస్తుంది, చదివితే ఒళ్లు మండుతుంది. కానీ "చెప్పాలా వద్దా" అన్న చర్చ మాత్రం అయిపోయింది. ఇప్పుడు "ఎలా చెప్పాలి" అన్నదే.

---

చర్మం_చూసేవాడు | గురువారం, ఉదయం 6:50

డెర్మటాలజీ నుంచి ఒక్క మాట, ఎవరూ ఎత్తలేదు కాబట్టి. మొదటి దశ బెడ్‌సోర్ అంటే పుస్తకంలో ఏముంది? చర్మం చిట్లకుండా ఎర్రగా ఉండి, వేలితో నొక్కితే తెల్లబడకపోవడం. నల్లటి చర్మం మీద ఆ ఎరుపు కనపడదు, నొక్కితే తెల్లబడేదీ కనపడదు. అందుకని ముదురు రంగు ఉన్నవాళ్లలో మొదటి దశ తప్పిపోయి, తెరుచుకున్నాకే తెలుస్తుంది. మీ చెకింగ్ షీటులో "ఎరుపు" అని మాత్రమే ఉంటే అది కొందరికే పనిచేసే షీటు. చేత్తో తాకి చూడమనండి: చుట్టూ ఉన్న చర్మంకన్నా వేడిగా ఉందా, గట్టిగా ఉందా, మెత్తబడిందా, నొప్పిగా ఉందా.

వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్‌తోనూ ఇదే గొడవ. 2020 డిసెంబర్‌లో అమెరికా డాక్టర్లు అచ్చువేసిన లెక్కలో, ఆక్సిజన్ నిజంగా పడిపోయినా మీటర్ బాగానే ఉందని చూపించడం తెల్లవాళ్లకంటే నల్లవాళ్లలో దాదాపు మూడు రెట్లు ఎక్కువ. సగటు బాగుంటే అందరికీ బాగున్నట్టు కాదు. ఎవరికి తప్పుతోందో విడదీసి చూడటం కూడా నీతికి సంబంధించిన పనే, లెక్కలవాళ్లకి వదిలేసేది కాదు.

---

లెక్కల_పిచ్చి | గురువారం, ఉదయం 8:15

ఒప్పుకుంటున్నాను, అది నా బుర్రకి తట్టలేదు.

ఒక పాత సంగతి కూడా కలుపుతాను. న్యూయార్క్ రాష్ట్రంలో 1990ల మొదట్లో గుండె బైపాస్ ఆపరేషన్లలో ఏ ఆస్పత్రిలో, ఏ సర్జన్ దగ్గర ఎంతమంది పోయారో బయటపెట్టడం మొదలైంది. మరణాలు తగ్గాయి. బాగా జబ్బుగా ఉన్నవాళ్లని తీసుకోవడానికి కొందరు సర్జన్లు వెనకాడారన్న ఆరోపణా వచ్చింది, దానిమీద వాదన చాలా ఏళ్లు నడిచింది. సిస్టర్, మీ అంకెలు తగ్గించడానికి అన్నిటికంటే తేలిక మార్గం ఏంటో తెలుసా? మంచాన పడ్డవాళ్లని అసలు చేర్చుకోకపోవడం. ఎవరో ఒకరు మీటింగులో ఆ మాట మెల్లగా అంటారు. కాచుకుని ఉండండి.

---

జూనియర్_36గంటలు | గురువారం, మధ్యాహ్నం 1:40

ఇంకో చిక్కు అడగనా? మా యూనిట్‌లో రెండు రకాల పరుపులు పెట్టి ఏది మేలో చూద్దామంటున్నారు. బేసి నంబర్ బెడ్లకి గాలి పరుపు, సరి నంబర్ బెడ్లకి మామూలు ఫోం. "ఇది క్వాలిటీ పని, రీసెర్చ్ కాదు, ఎథిక్స్ కమిటీ అక్కర్లేదు" అంటున్నారు. నిజమేనా?

---

పాత_స్టెతస్కోప్ | గురువారం, సాయంత్రం 7:30

మంచి ప్రశ్న, దీనికి పెద్ద గొడవే జరిగింది. అమెరికాలో పీటర్ ప్రొనోవోస్ట్ అనే డాక్టర్ బృందం మిషిగన్ రాష్ట్రంలో నూటికి పైగా ఐసీయూల్లో సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం) పెట్టేటప్పుడు ఐదు పనులు తప్పక చెయ్యాలని పెట్టింది. చేతులు కడుక్కోవడం, క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములు చంపే మందుతో చర్మం తుడవడం, పేషెంట్‌ని పూర్తిగా కప్పి మాస్కు, గౌను వేసుకోవడం, వీలైతే తొడ దగ్గర పెట్టకపోవడం, అక్కర్లేని లైన్ తీసేయడం. డాక్టర్ ఒకటి వదిలేస్తే నర్సు ఆపేయొచ్చు. అసలు విప్లవం ఆ చివరి వాక్యంలోనే ఉంది. 2006 డిసెంబర్‌లో ఫలితాలు వచ్చాయి, రక్తంలో ఇన్ఫెక్షన్లు 66 శాతం దాకా తగ్గాయి.

మర్నాడే కాకపోయినా, మరుసటి ఏడాది అమెరికా ప్రభుత్వంలో పరిశోధనల మీద నిఘా ఉంచే ఆఫీసు దీన్ని పట్టుకుంది. మనుషుల మీద పరిశోధన చేస్తూ సరైన కమిటీ అనుమతి లేదు అని. పని ఆగింది. చేతులు కడుక్కోవడానికి పేషెంట్ సంతకం కావాలా అని జనం మండిపడ్డారు. 2008 ఫిబ్రవరిలో ఆ ఆఫీసు మెత్తబడి, కొనసాగించుకోవచ్చంది.

అప్పట్లో నేనూ ఆఫీసునే తిట్టాను. ఇప్పుడు అంత ధీమా లేదు. మేలని తేలిపోయిన పనిని అందరికీ అందేలా చూడటం ఒకటి. ఏది మేలో తెలియక, సగంమందికి ఒకటి, సగంమందికి ఇంకోటి ఇచ్చి చూడటం ఇంకోటి. మీ పరుపుల సంగతి రెండో రకం. మీరు ఏ పేరు పెట్టుకున్నా, సరి నంబర్ బెడ్‌లో పడ్డ మనిషికి తన బెడ్ నంబర్‌ని బట్టి పరుపు వచ్చిందని తెలియాలి కదా. పెద్ద కమిటీ కాకపోయినా, ఈ పని చెయ్యనివాళ్లెవరైనా ఒకసారి చూసి సరేననాలి. పుండు వచ్చే ప్రమాదం బాగా ఎక్కువున్నవాళ్లని ఈ పందెం బయట ఉంచాలి.

అలాగని అనుమతులు రాలేదని చేతులు కట్టుకుని కూర్చోవడం కూడా పాపమే. ఏమీ మార్చకపోవడానికి ఎవడూ ఎవరి సంతకమూ అడగడు.

---

నిర్వాహకుడు | గురువారం, రాత్రి 8:05

కొత్త సభ్యులొకరు ఒక ఆస్పత్రి పేరు, ఒక డాక్టర్ పేరు రాశారు. ఆ పోస్టు తీసేశాను. అనుభవం రాయండి, పేర్లు వద్దు.

---

ఫైళ్ల_గది | గురువారం, రాత్రి 10:20

సిస్టర్ అడిగిన మొదటి ప్రశ్న దగ్గరికి వస్తాను. రెండూ నిజమైతే ఏ గడి అన్నారు.

నేను చెప్పిన మెడికేర్ ఫారంలోనే ఈ జవాబు ఉంది, మొన్న కోపంలో రాయలేదు. అక్కడ "ఉంది", "లేదు" కాక ఇంకో రెండు ఉన్నాయి: "తేల్చడానికి రికార్డు చాలదు", "వైద్యపరంగా తేల్చలేం". డాక్టర్ చూసి కూడా తేల్చలేకపోతే ఆస్పత్రికి డబ్బు వస్తుంది. రికార్డు లేకపోతే రాదు, ఇక్కడ వచ్చినట్టే లెక్క. నాకు ఇందులో న్యాయం కనిపిస్తోంది. చూసి తెలియకపోవడం ఎవరి తప్పూ కాదు. చూడకపోవడం మనదే.

మా ఫారంలో మూడో గడి పెట్టమని ఇవాళ రాసిపంపాను. "మొదటిరోజు చూడలేదు" అని. మెమో సంగతి కూడా రాశాను, దానికి జవాబు రాలేదు.

---

బెడ్_పక్క_కుర్చీ | శుక్రవారం, ఉదయం 7:00

ఆ పెద్దాయన కూతురికి చెప్పారా?

---

నైట్‌డ్యూటీ_నోట్స్ | శనివారం, సాయంత్రం 4:15

చెప్పాను. నిన్న, వార్డు చివర కిటికీ దగ్గర. మా వార్డు డాక్టర్ గారిని రమ్మన్నాను, ఆయనా వచ్చారు.

ముందే వాక్యాలు రాసుకుని వెళ్లాను, ఒక్కటీ పనికిరాలేదు. "ఒరుసుకుంది అన్నాను కదా, అది ఒరుపు కాదమ్మా, పుండు" అన్నాను. నేల మీద పడున్నప్పుడే మొదలై ఉండొచ్చని, చేరినరోజు మేం చూడలేదు కాబట్టి చెప్పలేమని, రాత్రిళ్లు తిప్పాల్సినన్నిసార్లు తిప్పలేదని చెప్పాను. చార్టు సంగతి చెప్పేటప్పుడు గొంతు పట్టేసింది. ఆ పిల్ల పేరు చెప్పలేదు, మేం అన్నాను.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అరిచింది. మొన్న ఎందుకు అబద్ధమాడావని అడిగింది, నా దగ్గర జవాబు లేదు. కంప్లైంట్ ఎక్కడ ఇవ్వాలో అడిగితే కాగితం తెచ్చి ఇచ్చాను. రాత్రి ఎనిమిదింటికి మళ్లీ వచ్చి, ఎలా తిప్పాలో చూపించమంది. చూపించాను. కంప్లైంట్ కూడా ఇచ్చింది, రెండూ చేసింది.

టిక్కు పెట్టలేదు. నలుగురికీ రెండు గడులూ ఖాళీగా ఉంచి పక్కన చేత్తో "చేరినప్పుడు చర్మం చూడలేదు" అని రాసి సంతకం పెట్టాను. లెక్కల_పిచ్చి గారు చెప్పిన రెండో వరుస కూడా కలిపాను, మా చెకింగ్ 100కి 71 మందికే జరుగుతోందట. 56 సార్లు తిప్పే లెక్క ఒక కాగితం మీద రాసి జతచేశాను. మంగళవారం మీటింగ్. మా ఇంచార్జి సిస్టర్ నాతో మాట్లాడటం లేదు.

---

జూనియర్_36గంటలు | శనివారం, సాయంత్రం 5:02

మా పరుపుల పని ఎథిక్స్ కమిటీకి పంపమన్నాను. "నీకెందుకు" అన్నారు. పంపారో లేదో తెలియదు. సిస్టర్, ఆ 56 లెక్క కాగితం ఫోటో పెట్టగలరా?

---

బెడ్_పక్క_కుర్చీ | శనివారం, రాత్రి 9:48

చెప్పినందుకు థాంక్స్ అండి. మాకెవరూ చెప్పలేదు, అందుకే అడిగాను. పెద్దాయనకి ఎలా ఉంది?

---

నైట్‌డ్యూటీ_నోట్స్ | ఆదివారం, ఉదయం 6:30

డ్యూటీ దిగుతున్నాను. ఇప్పుడే కొలిచాం. పొడవు 3 సెంటీమీటర్లు, వెడల్పు 2. బుధవారం కూడా అంతే ఉంది. రాత్రి మూడుసార్లు తిప్పాం, రెండింటి టైంలో కుదరలేదు. ఆ గడి ఖాళీగానే ఉంచాను.